అమ్మ పుట్టింటి పడవ

మొన్న నరసరావుపేటలో మనవరాలికి పరికిణీ గుడ్డ కొందామని ఒక బట్టల కొట్టుకి వెళ్ళాం. దీపాలు పెట్టే వేళ. కొట్టాయన నిప్పుల మీద గుగ్గిలం చల్లి, ఆ పొగని గల్లాపెట్టె ముందూ బీరువాల ముందూ తిప్పుకుంటూ మా దాకా వచ్చాడు. మనవరాలు తుమ్మింది. "అమ్మమ్మా, ఇటు రా, కళ్ళు మండుతాయి" అని నా చెయ్యి పట్టుకుని లాగింది. నేను కదల్లేదు. నాకు కొత్తబట్టల వాసన రావడం లేదు. మా నాయన పెద్ద మూకుట్లో నూనె, గుగ్గిలం కలిపి మరిగిస్తున్న వాసన వస్తోంది. దాని వెనకే కృష్ణ ఒడ్డు బురద వాసన, తడిసిన చెక్క వాసన. ఆ రోజు పరికిణీ ఏ రంగుది కొన్నామో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

మా ఊరు పల్నాటిలో కృష్ణ ఒడ్డున ఉండేది. ఏటి ఒడ్డున అనగానే పచ్చటి వరిచేలు అనుకోకండి. ఏరు లోతున, మేం గట్టున. నీళ్ళు కంటికి కనపడేవి కానీ చేలకి ఎక్కేవి కావు. జొన్న, మిరప, పత్తి, వాన దయతలిస్తే వేరుశెనగ. ఇళ్ళ గోడలూ నాపరాళ్ళే, కప్పులూ నాపరాళ్ళే. ఎండాకాలం ఇంట్లో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే ఉండేది.

మా నాయన బండ్లు చేసే వడ్రంగి. ఆకులు, వాటి చుట్టూ వచ్చే వంపు చెక్కలు పూటీలు చెక్కి చక్రం కూర్చి దాని చుట్టూ ఇనప పట్టా ఎక్కించడంలో చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. దారిలో ఏ చక్రమైనా కిర్రుమంటే, ఇది ఆయన చేసింది కాదులే అని జనం చెప్పేసేవాళ్ళు. ఈ మాట నాయనకి తెలుసు. తెలుసన్న సంగతి ఆయన నడకలో కనపడేది.

అమ్మ పుట్టిల్లు సరిగ్గా మాకు ఎదురుగా, ఏటికి అవతల. అక్కడ మా తాతది కూడా చెక్కపనే, కాకపోతే ఆయన పడవలు చేసేవాడు. నేను పుట్టకముందే పోయాడు. అమ్మమ్మ ఒక్కతే అన్నదమ్ముల పిల్లల పంచన ఉండేది. మా గట్టు మీద నిలబడితే ఆ ఊరి చింతచెట్లు కనిపించేవి. సందేళ పొయ్యిల పొగ లేవడం కూడా కనిపించేది. అమ్మ బిందె చంకన పెట్టుకుని ఆ పొగ వంక చూస్తూ నిలబడేది. "ఇయ్యాల మా అమ్మ పొయ్యి తొందరగా వెలిగించిందే" అనేది. ఏ పొగ ఎవరిదో అంత దూరం నుంచి ఎట్లా తెలుస్తుందని నేను అడిగితే, "నీకు తెలవదులే" అనేది.

కనిపించేది కానీ పోవడానికి లేదు. అప్పటికి రెండేళ్ళ కిందటి దాకా రేవులో ఒక ముసలాయన పడవ నడిపేవాడు. ఊరంతా ఆయన్ని పడవ తాత అనేవాళ్ళం. పైన ఎక్కడో పెద్ద డ్యాం కడుతున్నారని కబురు రాగానే తాత కొడుకులు అక్కడికి కూలికి పోయారు. పనివాళ్ళకి అమ్ముకోవచ్చని చేపలు పట్టేవాళ్ళు కూడా బుట్టల్లాంటి తమ పుట్లు నెత్తిన పెట్టుకుని అటే పోయారు. తాతకి ఒక్కడికి గడ వెయ్యడానికి ఓపిక లేక పడవని గట్టుకి లాగి వదిలేశాడు. ఇక అవతలికి పోవాలంటే బండెక్కి, బస్సెక్కి, ఎక్కడో వంతెన ఉన్నచోట ఏరు దాటి, మళ్ళీ బస్సెక్కి, మూడు రోజుల ప్రయాణం. అమ్మ ఆ రెండేళ్ళూ పొగ చూసుకుంటూనే ఉండిపోయింది.

ఆ ఏడు కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున అమ్మా నేనూ రేవులో గుడ్డలు ఉతుకుతున్నాం. సున్నపు బట్టీ ఆయన వచ్చి పడవ చుట్టూ తిరిగి జానలతో కొలుస్తున్నాడు. పడవ తాత అటు చూడకుండా రాతి మీద కూర్చుని చుట్ట తాగుతున్నాడు. అమ్మ సగం ఉతికిన గుడ్డల్ని అట్లాగే పిండి, నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది.

"తాత పడవని బట్టీకి కట్టెలకి ఇస్తన్నాడు. కోసేస్తారంట" అంది నాయనతో. అంతే అంది.

నాయన చిత్రిక పడుతున్నాడు. ఇంకో రెండుసార్లు తోసి, చెక్క మీద పొట్టు ఊది, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే పరిగెత్తాను.

"ఒరేయ్ అబ్బాయ్, బండ్లు చేసేటోడివి నీకెందుకురా ఇది? చక్రాలేమన్నా బిగిస్తావా?" అన్నాడు తాత.

"నేనేదన్నా బిగించుకుంటాలే. బట్టీ ఆయన ఎంతంటన్నాడు?"

"కట్టెల లెక్కన ఇస్తానన్నాడు. పడవ లెక్కన అడిగేటోడు ఎవడున్నాడు ఇప్పుడు?"

చివరికి ఒక నులకమంచం చేసిచ్చేటట్టు, పైన కొద్దిగా డబ్బు ఇచ్చేటట్టు మాట కుదిరింది. మంచం కోళ్ళు మాత్రం నాయనే స్వయంగా చెక్కాలని తాత మరీ మరీ చెప్పాడు. వారంలో మంచం తయారైంది. తాత దాన్ని బండిలో తలకిందులుగా వేసుకుని డ్యాం దగ్గరికి, కొడుకుల దగ్గరికి వెళ్ళిపోయాడు. దాంతో మా ఊళ్ళో పడవ సంగతి తెలిసిన మగవాడు ఒక్కడూ లేకుండా పోయాడు.

రెండు బండ్లు ముందొకటి వెనకొకటి కట్టి పడవని మా దొడ్లోకి తోలుకొచ్చారు. వీధి అరుగుల మీద ఉన్నవాళ్ళకి అంతకంటే వినోదం ఏం కావాలి!

"ఏందయ్యా, ఏరు ఇటు తిరిగొచ్చుద్దని కబురేమన్నా వచ్చిందా నీకు?"

"వచ్చుద్ది. నీ అరుగు కిందకే వచ్చుద్ది, ఈత నేర్చుకో" అన్నాడు నాయన.

రెండేళ్ళు ఎండకి ఎండి పడవ బల్లలు కుంచించుకుపోయాయి. బల్లకీ బల్లకీ మధ్య నా చిటికెన వేలు పట్టేది. నేనూ తమ్ముడూ లోపల పడుకుంటే ఆ సందుల్లోంచి వీధి అంతా కనిపించేది. ఎవరి మేక వెళుతోంది, ఎవరి కాలికి చెప్పు తెగింది, అన్నీ మాకు తెలిసేవి. తమ్ముడు కండక్టరు, నేను ప్రయాణికురాలిని. కోటప్పకొండకి టికెట్టు అడిగితే చింతగింజ ఇచ్చేవాడు. ఆ కొండకీ ఏటికీ సంబంధం లేదని వాడికి చెప్పినా వినేవాడు కాదు.

నాయనకి మాత్రం ఆ సందులు కంట్లో నలుసుల్లా ఉండేవి. సందు కనిపిస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. సన్నటి తుమ్మ బద్దలు చెక్కి ఒక్కో సందులో పెట్టి సుత్తితో బిగగొట్టడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం అమ్మ మజ్జిగ తెచ్చిచ్చి, చెంబు కోసం నిలబడి, "మా నాయనైతే అట్టా బిగించేవోడు కాదు. మొదట నీళ్ళలో..." అంది.

"మీ నాయన పడవలు చేసుకున్నాడు, నేను చక్రాలు చేస్తన్నా. చక్రం కంటే కష్టమైందా ఇది? పోవే, నీ పొయ్యి చూసుకో" అన్నాడు నాయన.

నాయన కోపిష్టి కాదు. కానీ చేతిలో ఉలి ఉండగా ఎవరు మాటన్నా పడేది కాదు. అమ్మ ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత పడవ అన్న మాటే ఎత్తలేదు. మా ఇంట్లో అమ్మకి మాటలు తగ్గితే పచ్చట్లో కారం పెరిగేది. ఆ వారం గోంగూర పచ్చడి, జొన్నన్నం తిని తమ్ముడు నీళ్ళ కుండ పక్కనే కాపురం పెట్టాడు.

గుగ్గిలం వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. పసుప్పచ్చగా, మెరుస్తూ, అచ్చం పటికబెల్లంలా ఉండేది. తమ్ముడు ఒక గడ్డ దొంగతనంగా నోట్లో వేసుకుని కొరికాడు. ఇక దవడలు విడిపోతే ఒట్టు. వాడు ఊ ఊ అంటూ ఇల్లంతా తిరుగుతుంటే, పత్తి ఏరడానికి పోయే పక్కింటి అత్త చూసి, "ప్రభువా, పిల్లోడికి గాలి సోకింది" అని తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. నాయన వచ్చి వాసన చూసి, వేడినూనెలో ముంచిన దూది పళ్ళకి పట్టించి ఊడదీశాడు. అత్త తన ప్రార్థన వల్లే ఊడిందని చివరిదాకా అంటూనే ఉంది.

నాయన పని అయిపోయేసరికి పడవలో చీమ దూరే సందు లేదు. లోపల పడుకుంటే చీకటి. మాకు మేకలు కనపడ్డం మానేశాయి.

అప్పుడే అమ్మమ్మ ఊరాయన ఒకాయన ఎడ్లు అమ్ముకోవడానికి వంతెన మీదుగా చుట్టుతిరిగి ఇటు వచ్చి, మా ఇల్లు అడుక్కుంటూ వచ్చాడు. "ముసలమ్మ మంచం పట్టింది. అన్నం సయిస్తలేదు. జావ తాగుతాంది. బిడ్డను ఒక్కపారి చూపియ్యుండ్రి అంటాంది" అన్నాడు. అమ్మ జొన్నలు చెరుగుతోంది. ఆ చేటలో జొన్నలు ఎప్పుడో శుభ్రమైపోయాయి, అయినా చెరుగుతూనే ఉంది.

"ఎల్లుండి నిన్ను పడవలో దింపుతా" అన్నాడు నాయన.

మర్నాడు పడవని రేవుకి తోలారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి తోశారు. తేలింది! ఒక్క చుక్క లోపలికి రాలేదు. నాయన పొడి అరిచేత్తో అడుగుబల్ల తడిమి అందరికీ చూపించాడు. అరుగు మీద వెటకారాలాడిన పెద్దమనిషి కూడా ఎక్కి కూర్చుని, బాగుందన్నాడు. నేను అమ్మ ముఖం చూశాను. నవ్వుతోంది. చంకలో పసిబిడ్డ, మా చెల్లెలు, చేతులు ఊపుతోంది. పడవని గుంజకి కట్టేసి, పొద్దున్నే బయల్దేరదామని ఇంటికొచ్చాం.

తెల్లారేసరికి జొన్నరొట్టెలూ వేరుశెనగ ఉండలూ మూట కట్టి, ఉతికిన బట్టలు వేసుకుని రేవుకి పోయాం. గుంజకి కట్టిన తాడు బిగుసుకుని నీళ్ళలోకి దిగిపోయి ఉంది. పడవ అంచు మాత్రం పైకి కనపడుతోంది. నాయన నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. రెండు పక్కబల్లలు మేకుల్ని పెరుక్కుని బయటికి ఉబికి వచ్చాయి. నాయన ఊడిన బల్లని చేత్తో నిమురుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. గట్టు మీద ఎవరో, "బండి చేసినట్టు చేస్తే పడవయిద్దా?" అన్నారు. నాయన తల ఎత్తలేదు. అమ్మ మూట విప్పి, రొట్టెలు మాకు పెట్టి, తను తినకుండా ఎదుటి గట్టుకేసి చూసింది.

పడవని మళ్ళీ దొడ్లోకి చేర్చారు. నాయన ఆ పూట తినలేదు, రాత్రీ తినలేదు. మర్నాడు దొడ్లో నలుగురు రైతులు ఉన్నారు. కోటప్పకొండ తిరనాళ్ళు దగ్గరపడుతున్నాయి కదా, చక్రాలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు. పక్కింటి అత్త కూడా ఉంది. అందరూ అమ్మ ఏమంటుందోనని చూస్తున్నారు. నేను చెప్పలేదా అని అంటుందని నేనూ ఎదురుచూశాను. అమ్మ కంచం తెచ్చి నాయన ముందు పెట్టింది.

"తిను. నువ్వు పస్తుంటే పడవ తేలుద్దా?"

"రేపు బండి కడతా. నిన్ను బస్సెక్కిస్తా, పో" అన్నాడు నాయన.

"పసిబిడ్డతో మూడు రోజులు. బస్సులో పోతే ఒక్కసారే పోతా. పడవుంటే అనుకున్నప్పుడల్లా పోతా."

"ఉంటే కదా."

నాయన కంచం పక్కకి జరిపి, నేల మీద చతికిలబడి, తల ఎత్తి అమ్మని చూశాడు.

"చెప్పవే. మీ నాయన ఎట్టా చేసేవోడో చెప్పు. నాకు తెలవదు."

ఆ రోజుల్లో, నలుగురు మగవాళ్ళ ముందు, తన పనిలో తనకి తెలియదని ఒక పనివాడు పెళ్ళాంతో అనడం నేను అంతకుముందు వినలేదు. ఆ తర్వాత కూడా పెద్దగా వినలేదు. రైతులు నేలచూపులు చూశారు. అమ్మ ఆయన ఎగతాళి చేస్తున్నాడేమోనని ఒక్క క్షణం చూసింది. తర్వాత చెల్లెల్ని నా ఒళ్ళో వేసి, ఊడిన బల్ల దగ్గర కూర్చుంది.

"ఎండు చెక్కని ఎండగానే బిగించావు. అది నీళ్ళు తాగి లావయిద్ది. లావయితే అది ఎటు పోవాల? సందు ఉండాల. సందులో దూది మెత్తగా పెట్టాల, గుగ్గిలం పుయ్యాల, పడవని ముంచాల. తొమ్మిది రోజులు నీళ్ళ కింద ఉండాల. మిగతాది నీళ్ళే బిగించుకుంటయ్."

నాయన దొడ్లో వరసగా ఆనించి ఉన్న చక్రాల వంక చూశాడు. ఏటా ఎండకి వదులైన చక్రాలని ఏట్లో నానబెట్టి బిగువు చేసేది ఆయనే. "చక్రానికి చుట్టూ పట్టా ఉంటది, ఎంత ఉబ్బినా పట్టుకుంటది" అన్నాడు మెల్లగా, తనలో తను. "దీనికి ఏం పట్టా ఉంది? నేను దీన్ని చక్రం అనుకున్నా." కంచం దగ్గరికి లాక్కున్నాడు.

ఆ సాయంత్రమే తుమ్మ బద్దలన్నీ పెరికి పొయ్యిలో పెట్టాం. పక్కింటి అత్త తన వాటాకి వచ్చిన పత్తి ఒడినిండా తెచ్చింది. అమ్మా, అత్తా, నేనూ గింజ తీసి, పిక్క మీద వేసి వేలెడు లావు వత్తులు చేశాం. "దేవుడి దీపానికి కూడా ఇంత వత్తి చెయ్యలేదమ్మా మీవోళ్ళు" అని అత్త అమ్మని ఆటపట్టించింది. నాయన దూది పెడుతుంటే చెయ్యి అలవాటుగా గట్టిగా నొక్కేది. "మెత్తగా" అనేది అమ్మ. మళ్ళీ నొక్కేవాడు. "మెత్తగానయ్యా!" ఆ రెండు రోజులూ మా దొడ్లో ఆ ఒక్క మాటే వినిపించింది.

పడవని రేవుకి తీసుకెళ్ళి, లోపల రాళ్ళు వేసి ముంచితే ఊరు ఊరంతా నోరు తెరిచింది. "మునిగిపోయిందని బాగుచేశాడు, బాగుచేసి మళ్ళీ ముంచాడు" అని నవ్వారు. నాయన పడవ పక్కనే తిరనాళ్ళ బండ్ల చక్రాలు కూడా నానేశాడు. నీళ్ళు తేటగా ఉండేవి. నేనూ తమ్ముడూ రోజూ పోయి, వంగి చూసేవాళ్ళం. చిన్న చిన్న చేపపిల్లలు పడవలోకి దూరి అటూ ఇటూ తిరిగేవి. తమ్ముడు వాటి దగ్గర టికెట్టు తీసుకోవాలన్నాడు.

మాకది ఆట. అమ్మకి కాదు. బస్సు వద్దని తానే అంది. ఈ తొమ్మిది రోజుల్లో అవతల ఏదన్నా జరిగితే ఆ మాట జన్మంతా మోసుకోవాలి. పొద్దునా సాయంత్రం గట్టు మీదకి పోయి చూసేది. ఇంతకుముందు పొగ చూసి నవ్వేది, ఇప్పుడు నవ్వడం లేదు. ఆరో రోజు సాయంత్రం నాయన కూడా పని వదిలేసి వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాడు. "ఏ పొగ?" అని అడిగాడు. అమ్మ వేలు పెట్టి చూపించింది. ఆయనకి కనపడిందో లేదో నాకు తెలియదు, కానీ తల ఊపాడు.

పదో రోజు పొద్దున్నే రాళ్ళు తీసి, నీళ్ళు తోడి పడవని లేపారు. ఎక్కడా కారడం లేదు. ఒకచోట మాత్రం సన్నగా చెమ్మ ఉంటే అమ్మ వేలితో చూపించింది, నాయన మెత్తగా దూది పెట్టాడు. ఆ రోజు చక్రాల కోసం వచ్చిన రైతులని సాయంత్రం రమ్మని చెప్పేసి గడ చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకి గడ వెయ్యడం సరిగ్గా రాదు. పడవ ఒకసారి చుట్టూ తిరిగింది. అవతలి గట్టు దగ్గరవుతున్న కొద్దీ అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అమ్మమ్మ ఉంది. మంచంలో ముడుచుకుని, పిడికెడు మనిషి. చూపు ఆనదు. అమ్మ ముఖమంతా చేతులతో తడిమి, చెల్లెల్ని తడిమి, నన్ను తడిమి, "పిల్ల సన్నగున్నది, పెడుతలేవా?" అని తిట్టింది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

నాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అత్తా, ఆలస్యం నా వల్లే. ఆమె ముందే చెప్పింది పడవ సంగతి. నేను వినలా. పలగ్గొట్టుకున్నా" అన్నాడు.

అమ్మమ్మ నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. "మీ మామ ఇన్నడా మరి? మొదటి పడవ గిట్లనే పలగ్గొట్టుకొని మూడు దినాలు మూలకు కూసున్నడు. ముంచుమని నేనే చెప్పిన."

అమ్మ ఏడుపు ఆపేసింది. "నువ్వా? నాయన కాదా?"

"కుండనిండ శెనగలు నానేసి మూత గట్టిగ కడితే పొద్దుగాల మూత ఏమయితదో నాకు తెల్వదా? మీ నాయన పనిమంతుడే బిడ్డా. కానీ ఏనాడన్న కుండల శెనగలు నానేసిండా?"

నాయన గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. తన తండ్రి విద్య అనుకుని అమ్మ ఇన్నేళ్ళూ దాచుకున్నది అమ్మమ్మ వంటింటిది. ఆ ఇంట్లో అంత నవ్వు వినడం నాకు అదే మొదలు.

అమ్మమ్మ ఎండాకాలం సగం దాకా బతికింది. అమ్మ వారానికి రెండుసార్లు వెళ్ళేది. ఆఖరి పది రోజులూ అక్కడే ఉండి, తన చేత్తో నీళ్ళు పోసి సాగనంపింది. పడవ మరికొన్నేళ్ళు నడిచింది. ఎంతమంది ఆడపడుచులు దాని మీద పుట్టిళ్ళకి పోయారో! తర్వాత రోడ్లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, టైరు బండ్లు వచ్చి చక్రాల పనీ పోయింది. దిగువన ఇంకో డ్యాం కట్టి నీళ్ళు నిలిపాక ఆ రేవు ఇప్పుడు లేదు, ఆ గట్టు లేదు. వాటి మీద నాకు బెంగ ఉంది కానీ ఫిర్యాదు లేదు. పుట్టి బుద్ధెరిగాక చూడాల్సినవి నేను అక్కడే చూశాను, అది నా అదృష్టం.

నాయన పోయిన రోజు పరామర్శకి వచ్చినవాళ్ళు ఆయన చక్రాల గురించి చెప్పుకున్నారు, చేతి చలవ గురించి చెప్పుకున్నారు. అమ్మ అన్నీ విన్నది. అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని, "అవన్నీ నిజమేనే. కానీ నన్ను అడిగాడు. నలుగురిలో కూర్చుని నన్ను అడిగాడు" అంది.

ఆ మాట అన్నాకే ఏడ్చింది.